లక్ష్మక్క ఒళ్లో మిషన్

హిందూపురంలో ఎవరైనా ఇంట్లో కూర్చుని సినిమా చూడాలనుకుంటే ముందు ఖాదర్‌వలిని అడిగేవారు. తొంభై మూడు నుంచీ అంతే. అప్పట్లో అతను టీవీ, వీడియో డెక్కు అద్దెకిచ్చేవాడు. టీవీని దుప్పట్లో చుట్టుకుని, దగ్గరి ఊరైతే సైకిల్ క్యారియర్ మీద, దూరమైతే బస్సు టాపు మీద, పరిగి నుంచి ధర్మవరం దాకా తిరిగేవాడు. తెర మీద గీతలు పడితే క్యాసెట్ అరిగిందా, డెక్కులో హెడ్డు మురికి పట్టిందా అన్నది కూర్చున్న చోటి నుంచి లేవకుండా చెప్పేవాడు. చదువు ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు అట్టడబ్బాల మీద రాసినంత వరకు వచ్చు. మిగతాదంతా విప్పి చూసి నేర్చుకున్నాడు.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. సీడీలు పోయి డీవీడీలు వచ్చాయి. డెక్కులు అద్దెకిచ్చే వాళ్లలో సగం మంది చేతులెత్తేసి ఆటోలు తోలుకున్నారు. ఖాదర్‌వలి మాత్రం బస్టాండు వెనక సందులో ఒక గది పట్టి కంప్యూటర్లు బిగించడం మొదలుపెట్టాడు. 2006 తర్వాత బెంగళూరు నుంచి వాడిన ల్యాప్‌టాప్‌లు తెచ్చి బాగుచేసి అమ్మేవాడు. ఆఫీసు పనులకు కావాలని ఎవరైనా వస్తే వేరే అంగడి చూపించేవాడు. అతని దగ్గరకు రావలసింది సినిమాకు, టీవీకి మాత్రమే.

వచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి అడిగేవాడు. ఎంతమంది చూస్తారు? కరెంటు ఎన్ని గంటలు పోతుంది? చూసేవాళ్ల కళ్లు, చెవులు ఎట్లా ఉన్నాయి? జవాబులు విని, అరలో ఉన్న వాటిలోంచి ఒకటి తీసి ముందు పెట్టేవాడు. అది వద్దు, ఇంకోటి చూపించు అంటే ఒప్పుకునేవాడు కాదు. తప్పు మిషన్ ఇచ్చి పంపాడన్న మాట అతని మీద లేదు. 2008 ఎండాకాలం దాకా లేదు.

ఆ ఏడు మార్చిలో ధర్మవరం నుంచి ఓబుళప్ప వచ్చాడు. పట్టుమగ్గం నేసే మనిషి. ఖాదర్‌వలి టీవీ మోసుకుని తిరిగిన రోజుల్లో వాళ్ల వీధిలో నాలుగైదు సార్లు సినిమాలు వేసి ఉన్నాడు. ఆ పరిచయం.

"ఏమప్పా ఖాదరూ, బాగుండావా?"

"బాగుండా. ధర్మవరం నుంచి వస్తా చీర తెచ్చినావా, ఉత్త చేతులతో వచ్చినావా?"

"చీర ఇచ్చేంత సంపాదన ఉంటే నీ దగ్గరికి ఎందుకు వస్తా? నేరుగా బెంగళూరికే పోతా."

నవ్వుకున్నారు. తర్వాత ఓబుళప్ప వచ్చిన పని చెప్పాడు. మిషన్ అతనికి కాదు, అతని అక్క లక్ష్మక్కకు. ఇంట్లో పెద్దది ఆమే. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది, పెళ్లి చేసింది, తను చేసుకోలేదు. మూడేళ్ల కిందట మిద్దె మీద ఆరేసిన నూలు తీసుకుని దిగుతూ మెట్ల మీద నుంచి పడింది.

"మంచంలోనే ఉండాది. నడుము కింద పాణం లేదు. సూదితో పొడిచినా తెలీదు. డాక్టరు నా ముందరే పొడిచి చూపించె. చేతులు, నోరు మాత్రం బాగుండాయి. నోరైతే ముందుకన్నా ఎక్కువైంది. టీవీ ముందరింట్లో ఉండాది, ఆమె లోపలి గదిలో ఉండాది. మగ్గం చప్పుడులో సీరియల్ మాటలు వినపడక నన్ను తిడతాది."

"అయ్యో," అన్నాడు ఖాదర్‌వలి. ఆ మాట మనసులోంచే వచ్చింది. కానీ మరుక్షణమే అతని ఆలోచన తెర దగ్గరికి పోయింది. "కళ్లద్దాలుండాయా అక్కకు?"

"ఉండాయి. సోడాబుడ్లు."

అరలో ఆ రోజు రెండే ఉన్నాయి. ఒకటి పన్నెండు అంగుళాలది. తేలిక, చప్పుడు లేదు, నాలుగు గంటలు నడిచినా చల్లగానే ఉంటుంది. కానీ డిస్కు వేసే చోటు లేదు, స్పీకరు దోమ గుయ్యిమన్నట్టు ఉంటుంది. రెండోది పదిహేడు అంగుళాలది. బొమ్మకు వేరే చిప్పు, నాలుగు స్పీకర్లు, డీవీడీ వేస్తే మొహాల మీద చెమట కూడా కనిపిస్తుంది. ఎత్తితే రాయిలా బరువు. లోపల ఫ్యాన్ ఒకటే రొద.

ఖాదర్‌వలి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పెద్దది తీసి ముందు పెట్టాడు. కేబుల్ వైరు తగిలిస్తే సీరియళ్లు కూడా వచ్చేలా ఒక టీవీ ట్యూనర్ పుల్ల బయటికి తీశాడు.

ఓబుళప్ప మిషన్ మీద చెయ్యి వేసి చూశాడు. "ఇది ఉడుకెక్కుతాందే."

"పెద్దింజను లారీ ఉడుకెక్కదా? బల్ల మీద పెట్టుకుంటే సరి. మరీ ఎక్కువైతే మనిషే జరిపేసుకుంటాడు లే."

ఓబుళప్ప తలూపాడు. కాసేపటి కింద సూది సంగతి చెప్పిన మనిషి అతనే. విన్న మనిషి ఇతనే. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఏ మిషన్ అయినా గడప దాటే ముందు ఖాదర్‌వలి ఇంట్లో ఒక పూర్తి సినిమా నడవాలి. చూసి తీర్పు చెప్పేది అతని భార్య సయీదా. ఆమె బాగుందంటేనే అమ్మకం. ఆ మధ్యాహ్నం ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపి, పెద్ద మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని సినిమా వేసింది. గంట కాకముందే దాన్ని చాప మీదికి తోసేసింది.

"ఏమయ్యా, ఇది రొట్టెల పెనం మాదిరి ఉండాది. తొడలు కాలిపోతాండాయి."

"ఒళ్లో పెట్టుకోమని ఎవరు చెప్పినారు నీకు?"

"బొమ్మ బాగుండాది, ఒళ్లో పెట్టుకోబుద్ధయింది. వాళ్లకూ అట్లనే అవుతాది."

"అయితే వాళ్లూ నీ మాదిరే తోసేస్తారు."

ఖాదర్‌వలి ఆమె మాటను పూర్తిగా గాలికి వదల్లేదు. మిషన్ విప్పి, దుమ్ము ఊది, చిప్పు మీద వేడి లాగే కొత్త పేస్టు రాసి మళ్లీ బిగించాడు. అడుగు భాగం కొంచెం చల్లబడింది. సయీదా రెండోసారి పూర్తి సినిమా చూసి, ఫరవాలేదు అంది. ఏప్రిల్ మొదటి వారంలో అతనే స్వయంగా మిషన్ మోసుకుని ధర్మవరం వెళ్లాడు.

ఓబుళప్ప ఇల్లు పొడవుగా, రైలు పెట్టెలాగా ఉంటుంది. ముందు గదిలో నేలలో తవ్విన గుంత, గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం. దాని వెనక సన్నటి వంటిల్లు. చివర్న లక్ష్మక్క గది. వెలుగంతా ఒక చిన్న కిటికీలోంచి. గాలి కదిలినప్పుడల్లా వెలుతురులో నూలు పీచు తేలుతూ కనిపించేది. మంచం మీద, తలగడలకు ఆనుకుని, నడుము దాకా దుప్పటి కప్పుకుని లక్ష్మక్క కూర్చుని ఉంది. దుప్పటి కింద కాళ్లు ఉన్నాయో లేవో తెలియనంత సన్నగా ఉన్నాయి.

"నువ్వేనా ఖాదరు? మా వీధిలో సినిమా వేసి, సగంలో క్యాసెట్ తెగితే మిగతా కథ నోటితో చెప్పి దుడ్లు తీసుకుని పోయినవాడివి?"

"నేనే అక్కా. బాగా చెప్పలేదా కథ?"

"బాగానే చెప్పినావు. అసలు దాంట్లో హీరో చచ్చిపోతాడంట. నువ్వు బతికించి పెళ్లి చేసి పంపించినావు."

"అందరూ ఏడుస్తా ఇండ్లకు పోతే నన్ను మళ్లీ పిలుస్తారా అక్కా?"

లక్ష్మక్క పడీపడీ నవ్వింది. ఓబుళప్ప భార్య యశోద కాఫీ తెచ్చి, మంచం పక్కకు ఒక చెక్కబల్ల జరిపింది. మిషన్ దాని మీద పెట్టారు. బొమ్మ చూసి లక్ష్మక్క తెర మీదికి వంగింది. తర్వాత అద్దాలు తుడుచుకుని, "మనుషులు ఇంత దగ్గరగా ఉంటారా," అంది. కాసేపటికి, "ఆ లోపల ఎవరో గురక పెడతాండారు. ముందు దాన్ని ఆపు. మాటలు వినపడల్ల నాకు," అంది.

గురక ఫ్యాన్‌ది. ఖాదర్‌వలి ఆ గదిలో తేలుతున్న నూలు పీచును చూశాడు. ఈ పీచు లోపలికి పోతే ఫ్యాన్ రెండు నెలల్లో పట్టేస్తుంది. బ్యాగులో దోమతెర గుడ్డ ఉంది. దాన్ని రెండు పొరలుగా మడిచి, కత్తిరించి, మిషన్ అడుగున గాలి పీల్చే సందులకు, పక్కన గాలి వదిలే సందుకు జిగురుతో అంటించాడు. పీచు లోపలికి పోదు, రొద కూడా కొంచెం తగ్గింది. ఒక దెబ్బతో రెండు పనులు. ఇది ఎవరూ నేర్పింది కాదు, అతని సొంత తెలివి. తిరుగు బస్సులో దాన్ని తలుచుకుని రెండుసార్లు తనలో తాను నవ్వుకున్నాడు.

నెల గడిచింది. మే రెండో వారంలో ఓబుళప్ప ఫోన్ చేశాడు. మిషన్ గంట, గంటన్నర నడిచి దానంతట అదే ఆరిపోతోందని.

"కాసేపటికి మళ్లీ వస్తాందా?"

"వస్తాంది. పావుగంట ఆగి నొక్కితే వస్తాంది."

"అయితే భయం లేదు. ఉడుకెక్కితే అది తనను తాను కాపాడుకుంటాది. అట్లనే ఆపి ఆపి చూడమను."

ఖాదర్‌వలికి దిగులు కలగలేదు సరికదా, మంచి మిషన్ ఇచ్చానని గర్వం కూడా కలిగింది. తనను తాను కాపాడుకునే మిషన్. ఎండలు బాగా ఉన్నాయి, అందుకే అనుకున్నాడు.

ఐదు రోజుల తర్వాత మళ్లీ ఫోన్.

"ఖాదరూ, మిషన్ వాసన వస్తాందప్పా."

"ఎట్లాంటి వాసన? వైరు కాలినట్టా?"

"కాదబ్బా. ఎలుక చచ్చినట్టు. గదిలోకి పోతే వస్తాంది, మిషన్ దగ్గరికి పోతే ఇంకా ఎక్కువ. లోపల యాడన్నా ఎలుక దూరి చచ్చిందేమో."

"ఎలుక దూరే సందు యాడిది? అన్నిటికీ నేనే తెర కట్టినా గదా," అని ఖాదర్‌వలి నవ్వాడు. నవ్వుతుండగానే ఆ తెర కళ్ల ముందుకు వచ్చింది. నెలన్నరగా నూలు పీచు పట్టి ఉంటుంది. గుడ్డ కాస్తా అట్ట అయి ఉంటుంది. గాలి లోపలికి పోదు, వేడి బయటికి రాదు. ఏదో భాగం లోపలే ఉడికి వాసన వస్తోంది. "ముట్టుకోవద్దండి, రేపు నేనే వస్తా," అన్నాడు.

"వద్దంటే అక్క వింటాదా? పొద్దున పది నుంచి సాయంత్రం దాకా దాన్ని వదలదు."

"యశోదమ్మను చెప్పమను."

"యశోద యాడుండాది? వాళ్లమ్మకు బాగలేదని కదిరికి పోయి పది రోజులైంది. పక్కింటి అవ్వ పొద్దునే వచ్చి అక్కకు గుడ్డలు మార్చి పోతాది. ఆమెకు చూపు ఆనదు. నా తిండి నేనే వండుకుంటాండా."

ఖాదర్‌వలి ఆ మాటలు విన్నాడు గానీ వాటిలో తనకు పనికొచ్చేది ఏమీ కనిపించలేదు. పనిముట్లు సర్దుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దునే బస్సెక్కి పెనుకొండలో దిగాడు. చిప్పుకు రాసే పేస్టు అయిపోయింది. బస్టాండు దగ్గర ఈరప్ప అంగడిలో దొరుకుతుంది. ఈరప్ప రేడియోలు, ఛార్జర్లు బాగుచేస్తాడు. చిన్నప్పుడు కుష్ఠు వచ్చి మందులతో నయమైంది గానీ, ఎడమ చేతి రెండు వేళ్లకు స్పర్శ తిరిగి రాలేదు. ఆ వేళ్ల కొసలు మొద్దుబారి, సోల్డరింగ్ కడ్డీ వాతలతో నిండి ఉంటాయి.

"ఏం ఖాదరప్పా, పొద్దున్నే ఎవరి కొంప ముంచడానికి బయల్దేరినావు?"

"ధర్మవరం. మిషన్‌లో ఎలుక చచ్చిందంట." ఖాదర్‌వలి నవ్వుతూ జరిగింది చెప్పాడు. ఉడుకెక్కడం, ఆరిపోవడం, వాసన. మంచంలో ఉన్న మనిషి అని కూడా చెప్పాడు.

ఈరప్ప పేస్టు డబ్బా చేతిలో పట్టుకుని అట్లాగే ఆగాడు.

"మంచంలో అంటే? ముసలితనమా?"

"కాదు. మెట్ల మీద నుంచి పడి నడుము పోయింది."

"కాళ్లకు స్పర్శ ఉండాదా?"

"లేదు. సూదితో పొడిచినా..."

ఖాదర్‌వలి మాట అక్కడ ఆగిపోయింది.

"మిషన్ యాడ పెట్టుకుంటాది ఆమె?" అని ఈరప్ప అడిగాడు. ఈరప్ప తన ఎడమ చెయ్యి ఎత్తి, మొద్దుబారిన వేళ్లను అతని మొహం ముందు పెట్టాడు. "ఈ వేలు కడ్డీ మీద పడితే నాకు నొప్పి తెలీదప్పా. వాసనొస్తేనే తెలుస్తాది, కాలింది నేనే అని. అది ఎలుక కాదు. బిరీన పో."

పెనుకొండ నుంచి ధర్మవరం గంట దారి. ఆ గంటలో ఖాదర్‌వలి పదకొండు సార్లు ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. మగ్గంలో కూర్చున్నవాడికి ఆ టకటకలో ఫోన్ వినపడదని అతనికి తెలుసు. తెలిసినా నొక్కుతూనే ఉన్నాడు. గడియారం పది దాటింది. పదికి ఆమె మిషన్ వేస్తుంది. బల్ల మంచం పక్కకు జరిపేది యశోద. యశోద కదిరిలో ఉంది. బల్ల జరిపేవాళ్లు లేకపోతే మంచంలోని మనిషి దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది? సయీదా ఎక్కడ పెట్టుకుంది? సయీదా తోసేసింది. సయీదా కాళ్లకు స్పర్శ ఉంది.

దారిలో గొర్రెలమంద అడ్డం వచ్చి బస్సు ఆగింది. కండక్టరు దిగి అదిలిస్తున్నాడు. పక్కన కూర్చున్నాయన, "ఏమన్నా, ఒళ్లు బాగలేదా, చెమటలు పోస్తాండాయి," అన్నాడు. ఖాదర్‌వలి తల అడ్డంగా ఊపాడు. ఆరు రోజుల కిందట తను ఫోన్‌లో చెప్పిన మాటే చెవుల్లో తిరుగుతోంది. ఆపి ఆపి చూడమను. మిషన్ తనను తాను కాపాడుకుంది. చల్లబడి మళ్లీ లేచింది. ప్రతిసారీ ఆమె ఒళ్లోనే చల్లబడింది.

ధర్మవరంలో దిగి ఆటో కోసం చూడకుండా పరుగెత్తాడు. వీధి మొత్తం మగ్గాల చప్పుడు. ఓబుళప్ప గుంతలోంచి తలెత్తి, "వచ్చినావా," అనేలోపే అతన్ని దాటి లోపలి గదికి పోయాడు.

వాసన గుమ్మంలోనే తగిలింది. ఎండాకాలం అయినా కిటికీ మూసి ఉంది, తెర మీద ఎండ పడకుండా. లక్ష్మక్క తలగడలకు ఆనుకుని, ఒళ్లో పదిహేడు అంగుళాల వెలుగు పెట్టుకుని, సీరియల్‌లో ఎవరినో తిడుతోంది.

"రాప్పా ఖాదరూ. కూర్చో. ఈ కోడలు ఈరోజు బయటపడతాది."

"అక్కా, మిషన్ తీస్తా."

"ఐదు నిమిషాలు ఆగు."

ఆగలేదు. రెండు చేతులతో పట్టుకుని ఎత్తాడు. అడుగు చేతులకు చురుక్కుమంది, వదిలేయబోయి పట్టుకున్నాడు. మిషన్‌తో పాటు దుప్పటి కూడా కొంచెం లేచింది. అడుగుకు అంటుకుని ఉంది. దోమతెర గుడ్డ మీద పీచు దట్టంగా పట్టి బూడిద రంగు అట్టలా ఉంది. మిషన్‌ను నేల మీద పెట్టి, గుమ్మంలో నిలబడ్డ ఓబుళప్ప వైపు తిరిగాడు.

"ఓబుళప్పా, అక్క కాళ్లు చూడల్ల."

ఓబుళప్ప మొహం మారింది. "ఏం మాట్లాడతాండావు? అక్క కాళ్లు నేనెట్లా చూస్తా? పక్కింటి అవ్వను పిలుస్తా ఉండు."

"ఆమెకు కనపడదని నువ్వే గదా చెప్పినావు. వాసన మిషన్‌ది కాదప్పా."

ఇద్దరు మగవాళ్లూ మంచానికి చెరో పక్క నిలబడిపోయారు. ఒకడు తమ్ముడు, ఒకడు పరాయివాడు. ఇద్దరి చేతులూ రాలేదు. లక్ష్మక్క ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. తెర మీద సీరియల్ నడుస్తూనే ఉంది.

"నా కాళ్లు నేనే చూసుకుని మూడేండ్లయింది," అని దుప్పటి, దాని కింద చీర తనే పక్కకు లాగింది. చీర సులువుగా రాలేదు.

మిషన్ అడుగు ఎంత ఉందో అంత మేర, రెండు తొడల మీద. ఎడమ పక్క ఎర్రగా, పొక్కులు చితికి ఉన్నాయి. కుడి తొడ మీద, గాలి సందు ఉండే చోట, తోలు నల్లబడి ఎండిన అట్టలాగా అయిపోయింది. దాని అంచు పగిలి, పగులులోంచి చీము. లక్ష్మక్క అద్దాలు సర్దుకుని, ఎవరిదో ఒంటిని చూసినట్టు వంగి చూసింది. వేలితో నల్లటి చోట తట్టింది. అట్టను తట్టినట్టే చప్పుడైంది.

"నొప్పి లేదే," అంది.

ఆటోలో లక్ష్మక్కను వెనక సీటులో పడుకోబెట్టారు. తల తమ్ముడి ఒళ్లో. ఖాదర్‌వలి డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. ఓబుళప్ప ముందుకు వంగి అతని చెవి దగ్గర నెమ్మదిగా మాట్లాడాడు.

"వేన్నీళ్లు పడినాయని చెప్దాం."

ఖాదర్‌వలి వెనక్కి తిరగలేదు.

"సాకిన అక్కను మిషన్ ముందర పడేసి మగ్గం నేసుకుంటాండా అని వీధంతా అంటాది. నీకైతే పోలీసు కేసు. అంగడి మూసుకోవాల్సి వస్తాది. వేన్నీళ్లంటే ఎవరికీ ఏం కాదు. నాకూ మంచిది, నీకూ మంచిది."

ఇద్దరికీ మంచిదన్న మాటలో అబద్ధం లేదు. ఖాదర్‌వలికి అంగడి కనిపించింది, అరలు కనిపించాయి, సయీదా కనిపించింది. కాలిందని ఆమె నోరు తెరిచి చెప్పింది. ఖాదర్‌వలి ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆ ఊరుకోవడాన్నే ఓబుళప్ప ఒప్పుకోవడం అనుకున్నాడు. ఆసుపత్రి వచ్చేదాకా ఖాదర్‌వలి కూడా అట్లాగే అనుకున్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. బయట యాభై మంది వరసలో ఉన్నారు. గాయం చూసి మొహం చిట్లించింది.

"ఎట్లా కాలింది?"

"వేన్నీళ్లు, మేడమ్," అన్నాడు ఓబుళప్ప.

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్న పడిన నీళ్లకు ఇంత నలుపు రాదే. సరిగ్గా చెప్పండి. పైతోలే కాలితే కడిగి, కట్టు కట్టి, మందులిచ్చి ఇక్కడే చూస్తా. లోపలికి పోయుంటే ఈడ కాదు, అనంతపురం పోవల్ల. పైనుంచి చూస్తే లోతు తెలీదు. దేంతో కాలింది, ఎంతసేపు కాలింది తెలిస్తేనే తెలుస్తాది."

"వేన్నీళ్లే మేడమ్. మూడు రోజులైందేమో. ఇంట్లో ఆడమనిషి లేదు, నాకు సరిగ్గా తెలీదు."

ఆమె ఇంకోసారి చూసి, కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. పూత మందు. గోళీలు. నాలుగు రోజుల తర్వాత రావాలి. ఖాదర్‌వలి ఆ కలం కదలడం చూస్తూ నిలబడ్డాడు. ఓబుళప్ప అతని వైపే చూస్తున్నాడు. నాలుగు రోజులు. మూసిన కిటికీ, చూపు ఆనని అవ్వ, నొప్పి తెలియని ఒళ్లు. నాలుగు రోజుల తర్వాత తీసుకొచ్చేది ఎవరిని?

"నీళ్లు కాదు మేడమ్," అన్నాడు.

కలం ఆగింది.

"ల్యాప్‌టాప్. నేనిచ్చిందే. గాలి పోయే సందులు నేనే మూసినా. అడుగున యాభై డిగ్రీలు పైనే ఉంటాది. రోజుకు ఐదారు గంటలు ఒళ్లో పెట్టుకునింది. పదకొండు రోజులు. మధ్యలో ఆగినా తీయలేదు, ఒళ్లోనే ఉండాది. కాళ్లకు స్పర్శ లేదు."

ఓబుళప్ప కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ రాసిన కాగితం చింపి, మళ్లీ గాయం దగ్గరికి వచ్చింది. ఒక సన్నటి కడ్డీ తీసుకుని పగులులోంచి లోపలికి పెట్టింది. కడ్డీ పోతూనే ఉంది. ఎక్కడో ఆగి, టక్కుమంది. లక్ష్మక్క పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. ఆమె మొహంలో ఏమీ మారలేదు.

డాక్టరమ్మ కడ్డీ బయటికి తీసి, లేచి, 108కి ఫోన్ చేయమని నర్సుకు చెప్పింది. ఓబుళప్పను పక్కకు పిలిచి మాట్లాడింది. ఖాదర్‌వలికి సగమే వినిపించింది. ఈ రోజే. విషం ఒంట్లోకి ఎక్కుతోంది. కుడికాలు ఉంటుందని నేను చెప్పలేను. మనిషి దక్కితే చాలు.

పోలీసులకు రాయాల్సి ఉంటుందని కూడా ఆమె చెప్పింది. ఖాదర్‌వలి పేరు, ఊరు, తండ్రి పేరు ఒక పుస్తకంలో రాసుకుంది. అతను నెమ్మదిగా, తప్పు పోకుండా చెప్పాడు.

వ్యాన్ వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. లక్ష్మక్కను స్ట్రెచర్ మీద లోపలికి ఎక్కించారు. ఓబుళప్ప ఆమె పక్కన కూర్చున్నాడు, ఖాదర్‌వలి వైపు చూడలేదు. ఖాదర్‌వలి వ్యాన్ వెనక తలుపు పట్టుకుని కిందే నిలబడ్డాడు. ఎక్కమని ఎవరూ అనలేదు.

"ఖాదరూ," అంది లక్ష్మక్క.

"ఆఁ అక్కా."

"ఎంత లోతుండాదని మా వాణ్ణి అడిగితే చెప్పడం లేదు. ఏం లేదక్కా, ఏం లేదక్కా అంటాడు. నువ్వు చెప్పు."

ఓబుళప్ప తలెత్తాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. ఖాదర్‌వలి లక్ష్మక్క వైపే తిరిగాడు.

"ఎముక దాకా పోయింది అక్కా. కుడికాలు తీసేస్తారేమో."

"నీ మిషనేనా?"

"నా మిషనే. తప్పు కూడా నాదే. గాలి పోయే దారి నేనే మూసినా."

లక్ష్మక్క తిట్టలేదు. ఫరవాలేదు అని కూడా అనలేదు. అద్దాలు తీసి ఓబుళప్ప చేతిలో పెట్టి, తల అటు తిప్పుకుంది.

"డ్రైవరూ," అంది, "ఇంకా ఎవరి కోసం చూస్తాండావు నాయనా, పోనీ."